కోరింగ మడ అడవికి పదేళ్ల ప్రణాళిక: నీళ్లతో మొదలుపెట్టండి

అభయారణ్యానికి నిర్వహణ ప్రణాళిక రాయమంటే చాలామంది జంతువుల జాబితాతో మొదలెడతారు. తర్వాత చెట్ల జాబితా, పక్షుల జాబితా, నాలుగు రంగుల ఫొటోలు, చివర బడ్జెట్ పట్టిక. పదేళ్లయ్యాక ఇంకొకరు వచ్చి అదే ప్రతిలో తేదీలు మార్చి పైకి పంపిస్తారు. కొండ అడవికి అలా రాసినా కొన్నాళ్లు గడిచిపోతుందేమో, మడ అడవికి మాత్రం గడవదు. ఇక్కడ నేల కదులుతుంది, గట్టు కదులుతుంది, రోజుకు రెండుసార్లు సముద్రం లోపలికి వచ్చి వెళ్తుంది. చెట్టు బతికేదీ చచ్చేదీ ఆ రాకపోకల మీదే ఉంటుంది. అందుకే ఇక్కడ రాసే ప్రతి పేజీలో, నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్న ప్రశ్న ఉండాలి.

ఉదాహరణకు కోరింగను తీసుకుంటున్నాను. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణంగా 235.70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమిది. 1978లో ప్రకటించారు. మీరు అటవీశాఖలో ఈ పని నెత్తిన పడిన అధికారి కావచ్చు, సాయానికి వచ్చిన పరిశోధక విద్యార్థి కావచ్చు, ఊరి తరఫున కమిటీలో కూర్చునేవారు కావచ్చు. పులికాట్‌కో కృష్ణా మడ అడవులకో రాసేవారికి కూడా పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే.

ముందు కాగితాలు

బూట్లు వేసుకునే ముందు బీరువా తెరవండి. అభయారణ్యం ప్రకటన అసలు ప్రతి, దానిలో కలిసిన రిజర్వు అడవుల పాత ప్రకటనలు, సర్వే పటాలు, వెనకటి ప్రణాళికలు అన్నీ ఒకచోట పెట్టుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మీకు ముఖ్యంగా కావలసినవి 18 నుంచి 26ఏ వరకు ఉన్న సెక్షన్లు, ఇంకా 29, 33, 33బి. హక్కుల విచారణ ఎంతవరకు వచ్చిందో మొదటి భాగం చూస్తే తెలుస్తుంది. లోపల ఏం చేయకూడదో 29 చెబుతుంది. నిర్వహణ అధికారం 33లో ఉంది. 2022 సవరణ తర్వాత ఆ నిర్వహణ కేంద్రం మార్గదర్శకాల ప్రకారం తయారైన ప్రణాళిక మేరకే సాగాలి, అంటే మీరు రాసే కాగితానికి చట్టం బరువు వచ్చింది. సలహా సంఘం సంగతి 33బిలో ఉంది. ఆ సంఘం ఉందా, ఉంటే కిందటిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి.

26ఏలో ఒక మాట ఉంది, చాలామంది దాటేస్తారు. ప్రాదేశిక సముద్ర జలాలు అభయారణ్యంలో కలిస్తే, అక్కడి మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలని ఆ సెక్షన్ చెబుతోంది. దీన్ని గీత గీసి పెట్టుకోండి. తర్వాత ఊళ్లలో కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

ఇక హద్దు. వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒకదాని మీద ఒకటి పరిచి చూడండి. కాకినాడ తీరాన్ని అలల నుంచి కాస్తున్న హోప్ ఐలాండ్ దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక తిప్ప. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో పెరిగింది. అలాంటి చోట పాత పటంలో సముద్రమన్నది ఇప్పుడు తిప్ప అయి ఉండొచ్చు, పాత పటంలో అడవన్నది ఇప్పుడు నీళ్లలో ఉండొచ్చు. తేడాలన్నీ పటం మీద గుర్తించి, పరిష్కరించాల్సిన వాటిని విడిగా రాయండి. ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 జిల్లాల విభజన తర్వాత తాళ్లరేవు వైపు కాకినాడ జిల్లాలో, భైరవపాలెం వైపు కోనసీమ జిల్లాలో పడ్డాయి. పక్కనే యానాం, అది పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉంది. ఒకే నీటికి ముగ్గురు దొరలన్నమాట. సమావేశాలకు ఎవరెవరిని పిలవాలో ఇప్పుడే జాబితా వేసుకోండి.

రెండు పక్షాలు పడవలో

ఇది ఎగ్గొట్టారా, మిగతాదంతా గాలిలో మేడ. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దగా ఉంటుంది, అష్టమి దగ్గర సన్నబడుతుంది. పెద్ద పోటు ఒకసారి, సన్న పోటు ఒకసారి, రెండూ చూడాలి. ఒక నెల రోజుల్లో రెండు పక్షాలూ తిరిగితే పని మొదలైనట్టు. వేసవిలో ఒకసారి, గోదావరి వరద రోజుల్లో ఒకసారి మళ్లీ వెళ్లాలి. మే నెల కోరింగకూ ఆగస్టు కోరింగకూ పోలికే ఉండదు.

పడవలో మీతో ఒక వాచర్, పీతలు పట్టే మనిషి ఒకరు ఉండాలి. పీతలు పట్టేవాళ్లకు తెలిసినంత సన్న కాలువల దారి డ్రోనుకు కూడా తెలియదు. ఆకు కప్పేస్తే డ్రోనుకు కింద నీళ్లు కనపడవు కదా. ప్రతి కాలువకూ వాళ్లు పిలిచే పేరు ఉంటుంది, సర్కారు పటంలో ఉండదు. ఆ పేర్లే మీ పటం మీద రాయండి. రేపు వాచర్‌కు ఫోన్ చేసి "12బి కాలువ" అంటే ఎవరికి అర్థమవుతుంది?

చూడాల్సినవి ఇవీ: ఏ మొగ (కాలువ నోరు) పూడింది, పోటు నీరు ఎంత లోపలికి ఎక్కుతోంది, పాటు తీశాక నీళ్లు దిగకుండా నిలిచిపోయే పల్లాలు ఎక్కడ, నేల మీద తెల్లటి ఉప్పు పొర ఎక్కడ, చెట్టు కొస నుంచి ఎండుతున్నదెక్కడ. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు చేతిలో పట్టే చిన్న పరికరమే, కొనండి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. నిలిచిపోయి ఎండిన పల్లంలో అది చాలా పైకి పోతుంది, మడ మొలకలు తట్టుకోలేవు. పరికరం లేనిచోట చెట్టే చెబుతుంది. నల్ల మడ ఉన్నచోట తీపి నీటి పాలు కాస్త ఎక్కువ, తెల్ల మడ అంతకన్నా ఉప్పును ఓర్చుకుంటుంది. చెట్లు పోయి మందపాటి ఆకుల ఉప్పుకూర మొక్కలు మాత్రమే పాకిన నేల కనబడితే, నీటి దారి తెగిందేమోనని అనుమానించండి. తిల్ల చెట్ల మధ్య కొమ్మలు విరుస్తూ నడవకండి, పాలు కంట్లో పడితే ఆ రోజు పని ఆసుపత్రిలోనే.

పై నుంచి వచ్చే నీరూ ఇందులో భాగమే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ధవళేశ్వరం దగ్గరే గోదావరి వాటాలు తేలిపోతున్నాయి. వరదల్లో లక్షల క్యూసెక్కులు కిందికి దూకుతాయి, ఎండాకాలంలో దిగువకు వదిలేది నామమాత్రం. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. ఒక రేంజి అధికారి నీటిపారుదల శాఖకు ఆజ్ఞ వేయలేరు, నిజమే. కానీ బ్యారేజీ దిగువకు వదిలిన నీటి రోజువారీ లెక్క మాకు పంపండి, వేసవిలో కొంత నీరు పాయలోకి వదలండి అని ప్రణాళికలో రాతపూర్వకంగా అడగవచ్చు. అడగని నీరు ఎప్పుడూ రాదు.

దేనికోసం కాపాడుతున్నారో తేల్చుకోండి

నూటపాతిక విలువలు రాస్తే వేటినీ చూసుకోలేరు. నాకైతే కోరింగకు అయిదు చాలు: మడ అడవి, చేపా రొయ్యా పెరిగే పురిటిల్లుగా దాని కాలువలు, బావురుపిల్లీ నీటికుక్కా, హోప్ ఐలాండ్ ఇసుక మీద గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, కాకినాడ అఖాతపు బురద నేలల మీద చలికాలంలో దిగే వలస పక్షులు. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇవాళ ఎలా ఉంది, ఎలా ఉంటే బాగున్నట్టు, దేనివల్ల చెడుతోంది, ఏం కొలిస్తే మనకు తెలుస్తుంది?

బావురుపిల్లి సంగతి చూడండి. రాత్రిపూట తిరిగే జంతువు, చేపలు దాని ఆహారం. దానికి అభయారణ్యం గీత తెలియదు, చేపల చెరువుల గట్ల మీదికి కూడా వస్తుంది. కాబట్టి దాన్ని కాపాడే పనిలో సగం హద్దు బయట, చెరువు యజమానితో మాట్లాడడం. లోపల కెమెరాలు కట్టి లెక్క తీస్తే సరిపోదు.

తాబేలుకు కావలసినవి ఖాళీ ఇసుక, చీకటి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు గట్టుకు వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. గుడ్లకు శత్రువులు కుక్కలు, నక్కలు, పందులు. పుట్టిన పిల్లలకు శత్రువు విద్యుద్దీపం, వెలుతురు వైపు వెళ్లి దారి తప్పుతాయి. తుఫాను అడ్డుకుంటుందని గుడ్లు పెట్టే ఇసుక మీదే సరుగుడు నాటించే ఉత్సాహవంతులు ఉంటారు. ఆ పని మీ ప్రణాళికలో రాకుండా చూసుకోండి, పక్క శాఖ ప్రణాళికలో ఉంటే అభ్యంతరం రాయండి.

పక్షులది ఇంకో కథ. పాటు తీశాక బయటపడే బురద నేల చూస్తే, ఖాళీగా ఉంది, మొక్కలు నాటుదాం అనిపిస్తుంది. ఆ బురదే వాటికి అన్నం పళ్లెం. ఇండియన్ స్కిమ్మర్ లాంటి అరుదైన పక్షులు చలికాలంలో ఇక్కడికే వస్తాయి. పటం మీద బురద నేలలకు వేరే రంగు వేసి, "నాటరాదు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

చిన్న పక్కమాట. పర్యాటకుల కరపత్రాల్లో కోరింగ దేశంలోనే రెండో పెద్ద మడ అడవి అని కనిపిస్తుంది. అటవీ సర్వే నివేదికలు తీసి చూస్తే పశ్చిమ బెంగాల్, గుజరాత్, అండమాన్ తర్వాతే మొత్తం ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఆ వాక్యాన్ని ప్రణాళికలోకి ఎక్కించకండి. చదివే అధికారికి మొదటి పేజీలోనే మీ అంకెల మీద నమ్మకం పోతుంది. కోరింగ గొప్పతనానికి ఆ ర్యాంకుతో పని లేదు.

హద్దు బయటి పని

రొయ్యల చెరువుల నీరు, పరిశ్రమల వ్యర్థ జలాలు, ఓడరేవు తవ్వకాల పూడిక, పట్టణం నుంచి కొట్టుకొచ్చే ప్లాస్టిక్, ఇవన్నీ బయట పుట్టి లోపల పేరుకుంటాయి. అందుకే కాలువలు అడవిలోకి వచ్చే చోట్ల నీటి నమూనాలు తీసే స్థలాలు నిర్ణయించి, ఏటా అవే స్థలాల్లో అవే నెలల్లో తీయించండి. స్థలం మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

చట్టపరంగా చేతిలో ఉన్నవి తెలుసుకోండి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది, ఆ దారిలోనే 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2019 తీర నియంత్రణ మండలి ప్రకటన ప్రకారం మడ అడవులు అత్యంత సున్నిత ప్రాంతాల కోవలోకి వస్తాయి, వెయ్యి చదరపు మీటర్లు మించిన మడకు చుట్టూ 50 మీటర్ల బఫర్ ఉండాలి. ఏ గట్టు ఈ బఫర్‌లో పడిందో పటం మీద గుర్తించి, సంబంధిత శాఖకు పంపాల్సిన జాబితాను అనుబంధంగా చేర్చండి.

ఊళ్లో కూర్చోవడం

చొల్లంగి, కోరంగి, గాడిమొగ, భైరవపాలెం లాంటి ఊళ్లకు మీ తీరిక చూసుకుని వెళ్లకండి, వాళ్ల పోటు చూసుకుని వెళ్లండి. వల వేసే వేళకు సమావేశం పెడితే రచ్చబండ దగ్గర ముసలివాళ్లూ, ఫొటోకు నిలబడే పెద్దమనుషులూ మాత్రమే దొరుకుతారు. ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. పుల్లలు తెచ్చేదీ, పీతలూ గవ్వలూ ఏరేదీ చాలాచోట్ల వాళ్లే. వాళ్లు ఏ కాలువలో ఏం తెస్తారో తెలియకుండా "ప్రవేశం నిషేధం" అని బోర్డు పెడితే అది మొదటి తుఫానుకు పడిపోదు, మొదటి వారంలోనే మాయమవుతుంది.

అడగాల్సినవి సూటిగా అడగండి. మండపీత ఏ నెలలో బాగా పడుతోంది, పండుగప్ప తగ్గిందా, ఏ మొగ పూడాక తగ్గింది, సన్న కన్ను వలలు ఎవరు వేస్తున్నారు, మడ ఆకు ఏ ఊరి గేదెలు తింటున్నాయి? చివరి ప్రశ్నకు ఊరంతా పక్క ఊరి పేరే చెబుతుంది, రాసుకోండి, నవ్వకండి. పశువుల మేతను క్రమబద్ధం చేసే అధికారం సెక్షన్ 33 ఇస్తోంది. కానీ గేదెకు వేరే మేత చూపించకుండా ఆ అధికారం వాడితే, పనిచేసేది కాగితం మీద మాత్రమే.

వన సంరక్షణ సమితులు, ఎకో డెవలప్‌మెంట్ కమిటీలు ఉన్నచోట వాటి పాత లెక్కలు, తీర్మానాల పుస్తకాలు చూడండి. బాగా నడిచిన కమిటీని ప్రణాళికలో పేరుతో రాయండి. నడవనిది ఎందుకు నడవలేదో కూడా రాయండి.

జోన్లు

దీనిమీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టకండి. ఎవరూ చెయ్యి వేయకూడని లోపలి అడవి, బాగు చేయాల్సిన దెబ్బతిన్న చోట్లు, మత్స్యకారుల వాడుక కాలువలు, పర్యాటకం. నాలుగు రంగులు చాలు. పర్యాటకానికి చొల్లంగి దగ్గర చెక్క వంతెన దారి, పడవ షికారు ఉన్నచోటే ఆపండి, కొత్త చోటు తెరవకండి.

ఒక్క రోజును మాత్రం విడిగా రాయండి. పుష్య మాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్యకు తుల్యభాగ సంగమంలో స్నానానికి జనం వస్తారు. అది జనవరి, ఫిబ్రవరిలలో పడుతుంది. గట్టుకు తాబేళ్లు వచ్చే కాలమూ, బురద మీద వలస పక్షులు నిండుగా ఉండే కాలమూ అదే. పడవలు ఎటు తిరగాలి, ప్లాస్టిక్ ఎక్కడ ఆపాలి, లైట్లు ఏ వైపు వద్దు అన్నవి పంచాయతీతో నెల ముందే మాట్లాడాలి.

బాగు చేయడం: మొక్కకన్నా ముందు కాలువ

ఇక్కడే డబ్బు ఎక్కువ పోతుంది, తప్పులూ ఇక్కడే ఎక్కువ జరుగుతాయి. వెనక ఒకప్పుడు మడ చెట్లను కూపులుగా, అంటే అడవిని ముక్కలుగా పంచి వంతులవారీగా, నరికేవారు. నీడ పోయి నేల ఎండి కుంగింది, పల్లమైంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు దిగలేక అక్కడే ఎండి ఉప్పై కూర్చుంది. అలాంటి నేలలో ఎన్ని వేల మొక్కలు నాటినా మొదటి వేసవికి పుల్లలే మిగులుతాయి. నాటిన సంఖ్య నివేదికలో ఉంటుంది, బతికిన సంఖ్య ఉండదు.

1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ అటవీశాఖతో, ఊళ్లతో కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేసి చూపిన పద్ధతి దీనికి మందు. సహజమైన కాలువ నుంచి పల్లంలోకి ఒక పెద్ద కాలువ తీస్తారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటు లోపలికి వచ్చి పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోతుంది. ఉప్పదనం తగ్గాకే కాలువల అంచున మొక్కలు.

మీ ప్రణాళికలో ప్రతి దెబ్బతిన్న ముక్కకూ ఈ వరస రాయండి: మట్టం కొలత, కాలువ గీత, తవ్వకం, ఒక ఏడాది ఉప్పదనం కొలత, ఆ తర్వాత నాటడం. దగ్గర్లో తల్లి చెట్లు ఉంటే నాటకుండా ఒక ఏడాది చూడండి. విత్తనాలు నీళ్ల మీద తేలి వాటంతట అవే వచ్చి మొలుస్తాయి, డబ్బు మిగులుతుంది. తప్పక రాయాల్సింది పూడిక తీత. కాలువలు కొన్నేళ్లకే పూడుకుపోతాయి. తవ్వకానికి డబ్బు పెట్టి పూడిక తీతకు పైసా పెట్టని ప్రణాళికలు నేను చూశాను. నాటినప్పుడు ఫొటో ఉంటుంది, పూడిక తీస్తుంటే ఎవరూ ఫొటో తీయరు, అదీ కారణం.

పడవకు డీజిల్

బడ్జెట్ పట్టికలో మొదటి గీత గస్తీ పడవ ఇంధనం, మరమ్మతు. రెండోది వాచర్ల జీతం, లైఫ్ జాకెట్లు. భవనాలు చివర. పడవ ఒడ్డున ఉంటే మిగతా అంకెలన్నీ ఒడ్డునే ఉంటాయి. డబ్బు ఎక్కడి నుంచి అన్నదాన్ని విడదీసి చూపండి. వన్యప్రాణి ఆవాసాల అభివృద్ధికి కేంద్రం ఇచ్చేది, కంపా నిధులు (అటవీ భూమిని వేరే పనులకు ఇచ్చినప్పుడు బదులు అడవి పెంచడానికి కట్టించుకునే సొమ్ము), మడ అడవుల కోసం 2023–24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టి పథకం. మిష్టి నాటడానికి బాగా వీలిస్తుంది, ఆ వీలు చూసి బురద నేలల మీద లక్ష్యాలు వేసుకోకండి.

తుఫాను, పెరిగే సముద్రం

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుఫాను దాన్ని ఊడ్చేసింది. 1996 నవంబరులో కాకినాడ, కోనసీమ మీద పడిన తుఫాను ఇప్పటికీ ఇక్కడ కథలుగా వినబడుతుంది. పదేళ్ల ప్రణాళికలో ఒక్క తుఫానైనా వస్తుందనుకునే రాయాలి. వచ్చిన మర్నాడు ఏం చేయాలో ఒక పేజీ చాలు: ముందు మనుషులు, తర్వాత పూడిన మొగలు, కూలిన చెట్లను ఊరికే నరికి బయటికి తరలించకపోవడం, నెల తర్వాత కొత్త ఉపగ్రహ చిత్రం.

సముద్రమట్టం పెరిగితే మడ అడవి నేల వైపు జరగాలని చూస్తుంది. వెనక చెరువు గట్టు, రోడ్డు గట్టు ఉంటే జరిగే దారి ఉండదు, మధ్యలో నలిగిపోతుంది. పటం మీద ఆ దారులు ఎక్కడెక్కడ ఇంకా తెరిచి ఉన్నాయో గీయండి. ప్రభుత్వ భూమి ఉన్నచోట కొత్త గట్టు రాకుండా రెవెన్యూ శాఖకు ఇప్పుడే రాయండి. వదిలేసిన చెరువులు ఉంటే, గట్టు తెంచి పోటు నీటిని లోపలికి రానిచ్చే ప్రయత్నం ఒకచోట చేసి చూడమని ప్రతిపాదించండి.

కొలత, మార్పు

ఏటా కొలిచేవి అయిదారుకు మించకూడదు. అవే చోట్ల ఉప్పదనం, మొగల లోతు, జనవరి పక్షుల లెక్క, తాబేళ్ల గూళ్లు, కాలువ పక్కన నాటిన వాటిలో మూడేళ్లకు బతికినవి, ఒకట్రెండు ఊళ్లలో పీతల పట్టుబడి. ప్రతిదానికీ గీత ఒకటి పెట్టండి. అది దాటితే ఏం మారుస్తారో ముందే రాయండి. ఫలానా మొగ వరసగా రెండు వేసవులు పూడితే పూడిక తీత నిధి అటు మళ్లించాలి, ఫలానా తీరంలో గూళ్లు ఎక్కువగా కుక్కల పాలవుతుంటే కాపలా పెంచాలి, ఇలాగన్నమాట. అయిదో ఏట మధ్యంతర సమీక్ష పెట్టండి. దానికి మీరు మొదట పడవలో తిప్పిన మనుషుల్నే మళ్లీ పిలవండి.

వాచర్ల రోజువారీ పుస్తకం తెలుగులో ఉండాలి. అందులో తేదీ, తిథి, పోటు వేళ, కాలువ పేరు, చూసింది, అంతే. ప్రణాళిక ఆమోదం పొందాక నాలుగు పేజీల తెలుగు సారాంశం, మీరు ఊరి పేర్లతో గీసిన కాలువల పటం అచ్చు వేయించి ప్రతి పంచాయతీ గోడకూ ఒకటి, ప్రతి చేపల సొసైటీకీ ఒకటి ఇవ్వండి. పటంలో తప్పు పేరు పడితే రెండో రోజుకే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. పెన్సిల్ పక్కనే పెట్టుకోండి.